ఇంగ్లీషు బహువచనము - తెలుగు మర్యాద

మనవారి ఇంగ్లీషులోని తప్పులను ఏర్చి కూర్చి నవ్వించుటకు వ్రాసిన వ్యాసములు చాల కలవు. ఈ వ్యాసము నవ్వించుటకు వ్రాసినది కాదు. ఒకప్పుడు మేము నవ్విన నవ్వునకు సంజాయిషీగా వ్రాసినది. ఏకవచన బహువచనములు, ఒకరి వస్తువు ఒకరిదని తెలుపు షష్ఠి, కర్తకును క్రియకును ఉండవలసిన పొత్తు - ఇంగ్లీషు నేర్చుకొనువారిని అడుగడుగునను తొట్రుపరచు విషయములివి మూడు. వీనిని గూర్చి యొక చిన్న బాలిక మాకు నేర్పిన పాఠమును, సంఘమువారు ప్రత్యేక సంచికకు వ్యాసమడిగిన ఈ సందర్భమున, చదువరుల ముందుంచుచున్నాము.

మేమున్నది ఉప్పర్వాహిలో. చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలో, గడ్‌చాందూరునకు దగ్గరనున్న చిన్న యూరిది. నేల క్రింద సున్నపురాయి యుండుటచేత ఈ ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వెలసినవి. మా యూరిలోనిది మరాఠా సిమెంట్ వర్క్స్. పని యున్నచోటికి జనము వచ్చుట సహజము గనుక పలు రాష్ట్రములవారు వచ్చి యిచ్చట కాపురములు పెట్టిరి. అయితే తెలుగు ఈ నేలకు కర్మాగారముతో వచ్చినది కాదు. ఈ రాజురా ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ యేడు నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు బొంబాయి రాష్ట్రమున చేరినది. 1959లో నాటి చాందా జిల్లాలో కలిసినది. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రము ఏర్పడగా దానిలోనిదైనది. మనుష్యులు కదలలేదు, ఎల్లలు కదలినవి.

అందువలన ఇచ్చటి పిల్లల నాలుకపై నాలుగైదు భాషలు నాట్యమాడుచుండును. ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, ఆటలలో హిందీ, చుట్టుపట్ల పల్లెలలో గోండీ, కొలామీ. ఈ చివరి రెండును మన తెలుగువలెనే ద్రావిడ కుటుంబములోనివి. కొలామీ భాషను గూర్చి ఎమెనో పండితుడు 1955లో ఒక గ్రంథమే ప్రకటించెను. వీనియన్నింటిపైని బడిలో ఇంగ్లీషు. పెద్దవారమైన మనము ఈ పిల్లలకు ఇంగ్లీషు రాలేదని విచారింతుము గాని, వారి తలలో ఇన్ని వ్యాకరణములు ఒకదానితో నొకటి తగవులాడుకొనుచున్నవని తలంపము.

సాయంకాలములయందు మా వాకిట తెలుగు కుటుంబముల పిల్లలను కూర్చుండబెట్టుకొని ఇంగ్లీషు వ్యాకరణము చెప్పు వాడుక మాకు కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒకనాడు 'మా నాన్న' అను విషయముపై పది వాక్యములు వ్రాయుడని చెప్పితిమి. గుంటూరు సీమనుండి వచ్చిన యొక కుటుంబపు బాలిక, పదేండ్ల వయసుది, చక్కని అక్షరములతో ఇట్లు వ్రాసెను: 'మై ఫాదర్ ఆర్ వర్కింగ్ ఇన్ ది ఫ్యాక్టరీ. దే ఆర్ కమింగ్ హోమ్ ఎట్ నైట్. దే ఆర్ బ్రింగింగ్ స్వీట్స్ ఫర్ మీ.' మేము ఆ కాగితమును అందరును వినునట్లు చదివి, ఎఱ్ఱసిరాతో 'ఆర్'లను కొట్టివేసి, "నీకెంతమంది నాన్నలే, అమ్మాయీ?" అంటిమి. పిల్లలందరును పకపక నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ బాలిక నవ్వలేదు. కాగితమును మడిచి పుస్తకములో పెట్టుకొని తల వంచుకొని కూర్చుండెను.

మరునాడు ఆమె రాలేదు. ఆ వారమంతయు రాలేదు. ఆదివారమునాడు ఆమె తండ్రి వచ్చెను. కర్మాగారములో చిన్న ఉద్యోగి, నెమ్మదస్తుడు. కూర్చుండుమన్నను కూర్చుండక గుమ్మమునొద్దనే నిలుచుండి చెప్పెను:

"మాస్టారూ, మరోలా అనుకోకండి. పిల్ల చదువుకు రానంటోంది. 'ఆర్' తప్పు, 'ఈజ్' అని దిద్దుకోమంటే దిద్దుకోదు. 'ఈజ్' అంటే వాడు వస్తున్నాడు అన్నట్టుంటుందట, నాన్నగారిని అలా రాయను అంటోంది. నాకా ఇంగ్లీషు రాదు. దానికి ఏమని చెప్పమంటారో మీరే సెలవియ్యండి."

'ఎంతమంది నాన్నలు' అని వీధిలో పిల్లలు ఆమెను ఏడిపించుచున్నారన్న సంగతి మాకు తరువాత తెలిసినది. ఆ మాట మా నోటనుండి వెడలినదని ఆయన యెరుగును. ఎరిగియు ఎత్తలేదు. ఎత్తకపోవుటయే మమ్ము ఎక్కువ నొప్పించినది. ఆయనను పంపివేసి ఆ రాత్రి మేము వ్యాకరణములను ముందు పెట్టుకొని కూర్చుంటిమి. ఆ పిల్ల చేసినది తప్పా, తప్పయినచో ఎట్టి తప్పు?

తెలుగులో 'నాన్నగారు వచ్చిరి' అన్నప్పుడు నాన్నగారు ఒక్కరే. క్రియ మాత్రము బహువచనము. దీనిని గౌరవార్థక బహువచనమందుము. ఒకరిని పెక్కురుగా చెప్పుట మన భాషలో లెక్క కాదు, నమస్కారము. ఆ బాలిక లెక్క తప్పలేదు. తెలుగు నమస్కారమును ఇంగ్లీషులో పెట్టినది. ఇంత మాత్రమే యైనచో 'ఆ భాషలో ఆ పద్ధతి లేదు' అని చెప్పి ఊరకుందుము. కాని ఆ భాషలో ఆ పద్ధతి ఒకప్పుడు నిండుగ నుండెను. మన 'నీవు', 'మీరు'ల వలె ఇంగ్లీషున 'దౌ' అనునది ఏకవచనము, 'యు' అనునది బహువచనము. పెద్దలను, ప్రభువులను ఏకవచనమున పిలువరాదని, ఒక్కరినైనను 'యు' అనసాగిరి. క్రమముగ ఆ మర్యాద అందరికిని ప్రాకి, 'దౌ' నిత్యవ్యవహారమునుండి తొలగిపోయినది. 17వ శతాబ్దమున క్వేకర్లు, దేవుని యెదుట మనుష్యులందరును సమానులే గనుక ఎవరికిని బహువచనము చెల్లింపమని పట్టుపట్టి, న్యాయాధిపతులను సయితము 'దౌ' అని పిలిచి, చిక్కుల పాలైరి. నేడు ఇంగ్లీషువాడు తన కుక్కనైనను 'యు ఆర్' అనుచున్నాడు. ఒక్క ప్రాణికి 'ఆర్' ఎందుకనగా అది పాత గౌరవ బహువచనపు శేషము. 18వ శతాబ్దమున కొందరు 'ఒక్కరే గదా' యని 'యు వాజ్' అని వ్రాయగా, 1762లో వ్యాకరణము ప్రకటించిన రాబర్ట్ లోత్ దానిని గొప్ప తప్పుగా ఖండించెను. అనగా ఇంగ్లీషు వ్యాకరణవేత్తలే, మనిషి ఒక్కడైనను క్రియ బహువచనమున నుండవలెనని శాసించిరి. మా బాలిక చేసినదియు అదియే; ఆమె ఎదుటివానికి కాక యింటిలోని తండ్రికి చేసినది.

'దే' మాట కూడ ఇట్టిదే. ఆడో మగో తెలియని ఒక్క మనిషిని గూర్చి చెప్పునప్పుడు 'దే' అనుట 14వ శతాబ్దమునాటినుండి ఇంగ్లీషున కలదు. మధ్యకాలమున పండితులు దానిని వెలివేసిరి. మరల అది తలయెత్తి, 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువువారు దానిని ఆ సంవత్సరపు మాటగ ఎన్నుకొనిరి. ఒక నూరేండ్లు తప్పయినది మరి నూరేండ్లకు ఒప్పగుచుండగా, పదేండ్ల పిల్లను చూచి నవ్వుటకు మనకు గల అధికారమేమి?

సంఖ్య విషయమున మన పిల్లలు చేయు తక్కిన తప్పులను కూడ ఈ దృష్టితో చూచినచో ప్రతి తప్పునకును వెనుక నొక తెలుగు కారణము కనబడును. 'ది మిల్క్ ఆర్ బాయిలింగ్' అని పిల్లవాడు వ్రాసెను. ఎందుకు వ్రాయడు? మనకు పాలు, నీళ్లు, వడ్లు, పెసలు, కందులు నిత్యబహువచనములు. 'పాలు పొంగినవి' అను యింట పెరిగినవానికి పాలు ఒకటియని ఎట్లు తోచును? ఇంగ్లీషువానికి మాత్రము పాలు ఒకటి, నీళ్లు ఒకటి, బియ్యము ఒకటి. కత్తెర రెండు, లాగు రెండు, కండ్లజోడు రెండు. రెండు రేకులున్నవి గనుక కత్తెరను, రెండు కాళ్లున్నవి గనుక లాగును అతడు బహువచనమున చెప్పును. మనము జోడు నంతటిని ఒకటిగ చూతుము. అతడు ద్రవము నంతటిని ఒకటిగ చూచును. ఎవరి చూపు వారిది. ఇక పోలీసు, పీపుల్, క్యాటిల్ అనువానికి బహువచన చిహ్నమే లేదు, క్రియ మాత్రము బహువచనము. ఇది వింతయనిపించినచో, మన బియ్యమును చూడుడు. రూపమున ఏకవచనము, ఇంటిలో నేమో 'బియ్యం అయిపోయాయి' అందురు.

'చిల్డ్రన్' అను మాటను చూచి పిల్లలు బెదరుదురు. 'చైల్డ్స్' అని వ్రాసి తిట్లు తిందురు. ఆ మాట చరిత్ర వినినచో వారికి ధైర్యము కలుగును. పూర్వము 'చైల్డ్' బహువచనము 'చిల్డర్' వంటి రూపము; దానికి బహువచనపు బలము చాలదని జనులు 'ఎన్' అను మరియొక బహువచన ప్రత్యయమును తగిలించిరి. అది బహువచనముపై బహువచనము. మన కవులు 'వారు' చాలక 'వారలు' అనలేదా? 'మీరు' చాలక 'మీరలు' అనలేదా? బఠానీకి ఇంగ్లీషున మొదట 'పీజ్' అని ఏకవచనము. చివరి జకారమును బహువచన చిహ్నమని భ్రమించి, ఒక్క గింజను 'పీ' అనిరి. ఆ భ్రమయే నేడు నిఘంటువున నిలిచినది. మనమును తక్కువ తినలేదు. రైలు, స్కూలు, జైలు - ఇవి 'లు'తో ముగియుచున్నను ఏకవచనములే. 'షూస్' అను బహువచనముపై మరల 'లు' చేర్చి 'షూస్‌లు' అనుచున్నాము. భాషలు రెండును ఒకదానినుండి ఒకటి అప్పు తెచ్చుకొని, లెక్కలు తప్పుగ వ్రాసికొన్నవి.

ఇక షష్ఠి. ఇచ్చట మన సంఘములో జరిగిన యొక చర్చ జ్ఞాపకము వచ్చుచున్నది. సభ్యుల సమావేశమునకు ఇంగ్లీషున ప్రకటన వ్రాయవలసి, 'మెంబర్స్ మీటింగ్' అనుదానిలో అపాస్ట్రఫీ యను ఆ చిన్న గుర్తును 'ఎస్'కు ముందుంచవలెనా, వెనుక నుంచవలెనా యని అరగంట వాదించిరి. చివరకు ఒక పెద్దాయన, "ముందు పెడితే సభ్యుడు ఒక్కడే వస్తాడు, వెనక పెడితే అందరూ వస్తారు. కాఫీ ఎంతమందికి కాచాలో దాన్నిబట్టి పెట్టండి" అనెను. నవ్వులాటగ చెప్పినను ఆ నియమమును ఇంతకంటె చక్కగ ఏ పుస్తకమును చెప్పలేదు. ఆ గుర్తు 16వ శతాబ్దమున ఫ్రెంచివారినుండి ఇంగ్లీషునకు వచ్చినది. మొదట లోపించిన అక్షరమునకు ఆనవాలు మాత్రమే. బహువచన షష్ఠికి 'ఎస్' తరువాత దానిని ఉంచుట చాల ఆలస్యముగ స్థిరపడినది. ఇప్పటికిని ఆ దేశమున తగవు తీరలేదు. లండను భూగర్భ రైలుమార్గములో ఎర్ల్స్ కోర్టునకు ఆ గుర్తు కలదు, ప్రక్కననే యున్న బారన్స్ కోర్టునకు లేదు. జాన్ రిచర్డ్స్ అను విశ్రాంత పత్రికారచయిత 2001లో అపాస్ట్రఫీ రక్షణకై యొక సంఘమునే స్థాపించి, 2019లో తొంబదియారవ యేట, అజ్ఞానమును సోమరితనమును గెలిచినవని విసిగి దానిని మూసివేసెను. తరువాత ఇతరులు దానిని మరల నడపిరి.

ఉమ్మడి ఆస్తిని, విడియాస్తిని కూడ ఆ గుర్తు వేరు చేయును. 'రామ్ అండ్ సీతాస్ హౌస్' అని చివరి పేరునకు మాత్రము తగిలించినచో ఇద్దరిదియు ఒకే యిల్లు. ఇద్దరి పేర్లకును తగిలించినచో ఎవరి యిల్లు వారిది. దీనిని మా పిల్లలకు చెప్పుటకు దూరము పోనక్కరలేదు. మా పొరుగున జివతీ తాలూకాలో, తెలంగాణ సరిహద్దున, పదునాలుగు గ్రామములను రెండు రాష్ట్రములును తమవేయని చెప్పుకొన్నవి. అచ్చటివారికి రెండు ఓట్ల జాబితాలు, రెండు రేషను కార్డులు. ఆ గ్రామములకు గుర్తు ఒకటి తగిలింపవలెనా, రెండు తగిలింపవలెనా? వ్యాకరణమున అరసున్నపాటి గుర్తు, బ్రతుకున ఎంత పెద్ద ప్రశ్న యగునో చూడుడు.

ఇంగ్లీషునకు ఇంత సూక్ష్మమున్నను, మనకున్న యొక భేదము దానికి లేదు. 'మా యిల్లు' అన్నచో వినువాడు దానిలో లేడు. 'మన యిల్లు' అన్నచో వినువాడును కలడు. మరాఠీలోను 'ఆమ్హీ', 'ఆపణ్' అని ఈ భేదము కలదు. ఈ ప్రాంతపు పిల్లలు రెండింటిని సులభముగ పట్టుకొందురు. ఇంగ్లీషువానికి రెండును 'అవర్' మాత్రమే. మఱియు మనము తల్లిని 'నా అమ్మ' అనము, 'మా అమ్మ' అందుము. ఒక్కగానొక్క బిడ్డయైనను అంతే. దానిని 'అవర్ మదర్' అని పిల్లవాడు వ్రాసినచో తప్పు దిద్దవలసినదే. కాని తల్లి ఒక్కనికే చెందిన సొత్తు కాదన్న తలంపు దానిలో నున్నదని గుర్తించి దిద్దవలెను.

కర్తకును క్రియకును గల పొత్తు ప్రతి భాషలోను వేరొక కుదురు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. దానిలో చూపినట్లు, తెలుగున స్త్రీవాచకము ఏకవచనమున నపుంసకముతో సమానము, బహువచనమున పురుషులతో సమానము. ఒక స్త్రీ 'వచ్చినది', ఇద్దరు స్త్రీలు 'వచ్చినారు'. గోండీలో బహువచనమున కూడ స్త్రీలు పురుషులతో చేరరు. మరాఠీలో క్రియకు మూడు లింగములు. ఇంగ్లీషు క్రియకు లింగమే లేదు గాని లెక్కపట్టింపు మెండు. 'టెన్ రుపీస్ ఈజ్' అనవలెను, ఏలయన అది మొత్తము ఒకటే పైకము. 'టెన్ రుపీ నోట్' అనవలెను, మన 'పది రూపాయల నోటు' వలె 'రుపీస్' అనరాదు. 'ఎ నంబర్ ఆఫ్ బాయ్స్' అన్నచో 'ఆర్', 'ది నంబర్ ఆఫ్ బాయ్స్' అన్నచో 'ఈజ్'. మొదటిదానిలో పిల్లలు ముఖ్యము, రెండవదానిలో లెక్క ముఖ్యము. 'ఈచ్ ఆఫ్ ది బాయ్స్' అన్నచో ఎందరున్నను ఒక్కొక్కరుగ చూచుచున్నాము గనుక 'ఈజ్'. కమిటీ ఒక్క మాటపై నున్నచో 'ఈజ్'. తమలో తాము తగవులాడుకొనుచున్నచో ఇంగ్లండులో 'ఆర్' అనుటయు కలదు. సంఘములు నడపినవారికి ఈ రెండవ రూపము ఎక్కువ ఉపయోగపడునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇవన్నియు ఆలోచించుకొని మరునాటి సాయంకాలము మేమే ఆ బాలిక యింటికి పోతిమి. నవ్వుట మా తప్పని తండ్రి యెదుటనే చెప్పితిమి. 'దౌ', 'యు'ల కథ చెప్పితిమి. ఆమె శ్రద్ధగ వినెను. విని, కొంతసేపు మౌనముగ నుండి, ఇట్లు అడిగెను:

"మాస్టారూ, మీరు ఒక్కరే కదా. ఎప్పుడూ 'మేము' అంటారు. మీరు ఇంగ్లీషులో రాస్తే 'వి ఈజ్' అనాలా, 'వి ఆర్' అనాలా?"

"'వి ఆర్' అనాలమ్మా."

"ఒక్కరైనా?"

"ఒక్కరైనా."

"మరి మా నాన్నగారికి ఎందుకు తప్పు?"

తండ్రి ఆమెను వారింపబోయెను. మేము ఆయనను వారించితిమి. ఆ ప్రశ్నకు మా యొద్ద తర్కమున సమాధానము లేదు. ఉన్న సమాధానమిది: ప్రతి భాషయు మర్యాదను ఒక్కొక్క చోట దాచుకొనును. తెలుగు క్రియాపదము చివర దాచుకొన్నది. ఇంగ్లీషు, తండ్రి విషయమున, అచ్చట దాచుకొనలేదు. 'సర్' అను పిలుపులోను, 'మే ఐ' అని అడుగుటలోను, గొంతుకలోను దాచుకొన్నది. 'ఈజ్' అన్నంత మాత్రమున ఆ భాషలో నాన్నగారు చిన్నవారు కారు. వారి రాణిని గూర్చియు వారు 'ఈజ్' అనియే వ్రాసిరి. ఈ మాట వినగనే ఆ బాలిక ముఖము విప్పారెను. రాణికే 'ఈజ్' అయినచో నాన్నగారికి కొరత లేదని ఆమెకు తోచినది కాబోలు. కాగితము తెచ్చి 'మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ ది ఫ్యాక్టరీ' అని వ్రాసెను. వ్రాసి, దాని క్రింద తెలుగులో, ఎవరును చెప్పకయే, 'నాన్నగారు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు' అని వ్రాసికొనెను. చదువురాని భాషలోని మొదటి వాక్యమును దాటి, తండ్రి రెండవ వాక్యమును వ్రేలితో తడిమి చదువుకొనెను.

నియమములు అక్కరలేదని మేము చెప్పుట లేదు. దరఖాస్తులోను, పరీక్షలోను 'ఈజ్' ఉండవలసినచోట 'ఆర్' ఉన్నచో నష్టపోవునది పిల్లలే. గనుక దిద్దవలసినదే, కచ్చితముగ దిద్దవలసినదే. కాని దిద్దుట వేరు, నవ్వుట వేరు. తప్పు వెనుకనున్న తెలుగును చూపి దిద్దినచో పిల్లకు రెండు భాషలు వచ్చును. నవ్వి దిద్దినచో ఉన్న భాషపై గూడ సిగ్గు పుట్టును. పొరుగు రాష్ట్రమున నున్న మనవంటివారికి ఈ రెండవ నష్టము పూడరానిది. అందువలన పిల్లల కాగితములు దిద్దు తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును మా విన్నపమొక్కటే: ఎఱ్ఱసిరా ఎత్తుటకు ముందు, ఆ పిల్ల ఎవరికి నమస్కారము పెట్టినదో ఒక్కసారి చూడుడు.

ఆనాటినుండి మా వాకిట ఎవరి కాగితమును బిగ్గరగ చదువుట మానితిమి. 'మేము' అని వ్రాయుట మాత్రము మానలేదు. అయితే ఇప్పుడు ఆ మాట వ్రాసినప్పుడెల్ల, ఒక్కరమైనను బహువచనము పుచ్చుకొనుచున్నామన్న సంగతి జ్ఞాపకమునకు వచ్చి, కలము క్షణకాలము ఆగుచున్నది.